ముయ్ సర్ తాగిన టీ

తుయెన్ మున్,
అక్టోబరు 4

తాతయ్యకి,

మీ మనవరాలు లోక్-యిమ్ వంగి నమస్కరించి రాస్తోంది. ఇంట్లో అందరం కులాసా. నా ఫిజిక్స్ ఒక్కటే కులాసాగా లేదు.

మీ రెండో ఫోను కూడా కడుతున్న వెదురు పందిరి మీంచి సముద్రంలో పడిందనీ, మూడోది కొననని ఒట్టు పెట్టుకున్నారనీ నాన్న చెప్పాడు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమే వేసింది. ఉత్తరాలు రాసుకోవడానికి ఒక మనిషి దొరికాడు. ఈమధ్య నాకు మాటల పిచ్చి పట్టింది తాతయ్యా. మంచి మాట కనబడితే చాలు, పుస్తకంలో రాసేసుకుంటున్నాను. నిన్న రాసుకున్నది 'నెమ్మది'. రోజంతా దాన్ని నోట్లో పిప్పరమెంటులా పెట్టుకుని తిరిగాను.

అసలు విషయానికి వస్తాను. నేను ఫిజిక్స్ వదిలేద్దామనుకుంటున్నాను. ఫారం ఐదు తరగతిలో చాలామంది చేసే పనే ఇది. యూనివర్సిటీ వాళ్ళు ఐదు సబ్జెక్టులు బాగుంటే చాలంటారు. ఫిజిక్స్ లేకపోయినా నాకు ఐదూ ఉంటాయి. నాకు కావాల్సింది సాహిత్యం డిపార్టుమెంటులో సీటు. వచ్చే ఏడాది పబ్లిక్ పరీక్షలో సాహిత్యం పేపరు బాగా రాయకపోతే ఆ సీటు రాదు. బడయ్యాక నాకు మిగిలేది మూడు గంటలు. ఆ మూడూ ఫిజిక్సే తినేస్తోంది. అంత తినీ మొన్న నాకిచ్చింది నూటికి ముప్ఫై ఒకటి.

ప్రశ్న ఏమిటో చూడండి. గోడకి నిచ్చెన వేశారు, ఒక మనిషి ఎక్కుతున్నాడు, ఎన్నో మెట్టు దగ్గర నిచ్చెన జారుతుంది? నాకేమో ఆ మనిషి ఎవరు, పైన ఏం పనుంది, కింద పట్టుకునేవాళ్ళే లేరా అని దిగులు పట్టుకుంది. అదే అరపేజీ రాశాను. మా ఫిజిక్స్ టీచరు ముయ్ సర్ ఎర్ర సిరాతో "మంచి మనసు. సున్నా." అని పెట్టారు.

సబ్జెక్టు వదిలే కాగితం మీద నాన్న సంతకం చెయ్యడట. "ఫిజిక్స్ తీసుకోమన్నది మీ తాతయ్య. ముందు ఆయన ముద్ర వేయించుకురా, అప్పుడు చూద్దాం" అన్నాడు. అందుకే కాగితం ఇందులో పెట్టాను. మీ ఎర్ర ముద్ర వేసి పంపండి. నవంబరు 30 లోపు ఆఫీసులో ఇచ్చెయ్యాలి.

ఇట్లు,
మీ ఆశీస్సులు కోరే
లోక్-యిమ్

తా.క. దొంగ ముద్ర వెయ్యాలని నేనూ చూశాను. బంగాళదుంప మీద చెక్కాను. మీ ముద్రలోని పాత అక్షరాలు నాకు చదవడం రాదు కదా, పంది బొమ్మ వచ్చింది. అందుకే న్యాయమార్గంలో వస్తున్నాను.


తాయ్ ఓ,
అక్టోబరు 11

లోక్-యిమ్‌కి,

తాత దీవించి రాసేది. నేను బాగానే ఉన్నాను. మోకాలు బాగాలేదు, దాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

పదేళ్ళకోసారి దేవుళ్ళకి కృతజ్ఞత చెప్పుకునే మన జాతర ఈసారి డిసెంబరులో వచ్చింది. ఐదు రోజుల నాటకాలు. నాటకాల పందిరి నాదే. అందుకని చిన్న ఉత్తరమే రాస్తాను.

వదలాలని ఉంటే వదిలెయ్. నేను అడ్డం రాను. కానీ చేతులూపుకుంటూ వచ్చెయ్యకూడదు. మా వెదురు పనిలో విద్యని వదలడమంటే గురువుని వదలడమే. దానికో పద్ధతి ఉంది. గురువుకి టీ పొయ్యాలి. కప్పు రెండు చేతులా పట్టుకుని, తల వంచి, "ఇన్నాళ్ళు నేర్పినందుకు కృతజ్ఞురాలిని" అనాలి. ఆయన తాగాక అసలు మాట చెప్పి వచ్చెయ్యాలి.

కమ్ అత్తయ్య మీ బజారుకి సరుకు తెస్తోంది, ఆవిడ చేత మూట పంపుతున్నాను. ఒక డబ్బా పోలే టీ ఆకు, రెండు ఉప్పుచేపలు, ఒక సీసా రొయ్యల ముద్ద. చేపలు మీ సర్‌కి. రొయ్యల ముద్ద మీ అమ్మకి. నీ కాగితం సంగతి కింద రాశాను, చూడు.

ఉంటాను,
తాత
ఫాన్ సూయి-హెయ్

తా.క. ముఖ్యమైన సంగతి. ఆ టీ డబ్బా


తుయెన్ మున్,
అక్టోబరు 18

తాతయ్యకి,

లోక్-యిమ్ నమస్కారాలు. మూట చేరింది. రొయ్యల ముద్ద సీసా మాత్రం దారిలోనే మూత తీసుకుంది. మీ ఉత్తరానికి కింద సగం రొయ్యల ముద్దే. 'ముఖ్యమైన సంగతి. ఆ టీ డబ్బా' వరకు అక్షరాలు మిగిలాయి, తర్వాతది వాసన చూడ్డమే తప్ప చదవడం కుదరలేదు. డబ్బా విప్పకుండా సర్ చేతికే ఇవ్వమని రాసి ఉంటారని ఊహించి అలాగే చేశాను.

తాతయ్యా, కొంప మునిగింది.

మధ్యాహ్నం భోజనం వేళ స్టాఫ్ రూంకి వెళ్ళాను. డబ్బా సర్ చేతిలో పెట్టాను. ఆయనే మూత తీసి చిటికెడు ఆకు ఇచ్చారు, టీ కాచాను. కప్పు రెండు చేతులా పట్టుకున్నాను, తల వంచాను, మీరు చెప్పిన మాట చెప్పాను. ఆయన కప్పు వంక చూశారు. నా వంక చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచింది అద్దాలు కాదు. తర్వాత గుక్క తిప్పుకోకుండా కప్పంతా తాగేశారు.

నేను అసలు మాటకి నోరు తెరిచేలోపు పక్క బల్ల దగ్గర చరిత్ర టీచరమ్మ చప్పట్లు కొట్టింది. "చూశారా! మన ముయ్ సర్ శిష్యురాల్ని చేర్చుకున్నారు!" అంది. అందరూ లేచి చప్పట్లు. సర్ ఖాళీ కప్పు బల్ల మీద పెట్టారు. "మా నాన్న దర్జీ. పదమూడో ఏట వాళ్ళ గురువుకి ఇలాగే టీ పోశాట్ట. ఇరవై రెండేళ్ళ నా సర్వీసులో ఒక్కళ్ళు... సరే, శనివారం తొమ్మిదింటికి రా. నిన్ను నేను వదలను" అన్నారు.

ఇప్పుడు నేనేం చెప్పను? "మీరు వదలకపోయినా నేను వదుల్తాను సర్" అనా?

మా బడిలో టీచర్లు బహుమతులు ఇంటికి పట్టుకెళ్ళకూడదు. అందుకని ఉప్పుచేపల్ని అక్కడికక్కడే అన్నం కుక్కర్లో వేసి అందరూ పంచుకున్నారు. ఆ వాసనకి నాలుగో అంతస్తులో ఆ మధ్యాహ్నం క్లాసులు జరగలేదు. జరిగాయని కొందరంటున్నారు, కిటికీలకి వేలాడుతూ విన్నారట.

కాగితం తొందరగా పంపండి. ఇది ముదిరేలోపు వదిలెయ్యాలి.

ఇట్లు,
ఇరుక్కుపోయిన మీ
లోక్-యిమ్

తా.క. టీ పోస్తే శిష్యరికంలో చేరినట్టేనని నాన్న అంటున్నాడు. వదలడానికి వేరే టీ ఉందా? పొరపాటున ఆ డబ్బా బదులు ఈ డబ్బా పంపలేదు కదా?


తాయ్ ఓ,
అక్టోబరు 26

లోక్-యిమ్‌కి,

తాత దీవెనలు. నీ ఉత్తరం పందిరి మీద కూర్చుని చదివాను. నవ్వేసరికి కట్టు తాడు చేతిలోంచి జారి కింద కుర్రాళ్ళ టిఫిన్ గిన్నెలో పడింది. వాళ్ళు అది నూడిల్స్‌లో భాగమనుకున్నారు.

కాగితం గురించి బెంగ పెట్టుకోకు. ముద్ర ఎప్పుడో వేసేశాను. భద్రమైన చోట ఉంది. గడువు దాటదు.

గురువు టీ తాగాక శనివారం వెళ్ళకపోతే మర్యాద కాదు. వెళ్ళు. కాగితం చేతికొచ్చాక నీ ఇష్టం.

మీ సర్ అడిగితే చెప్పు, ఈసారి పందిరి సగం ఒడ్డున, సగం రాళ్ళ మీద. ఆరువందల మంది కూర్చుంటారు. ఒక్క మేకు లేదు, ఒక్క కాలు నేలలో పాతలేదు. అన్నీ కట్లే. కొలతలు వెనకవైపు రాశాను.

ఉంటాను,
తాత

తా.క. మీ సర్ రోజుకి ఎన్ని కప్పులు తాగుతాడు? ఆకు ఎంత వేస్తాడు? ఊరికే అడుగుతున్నాను.


తుయెన్ మున్,
నవంబరు 5

తాతయ్యకి,

లోక్-యిమ్ గాభరా గాభరాగా రాస్తోంది. మీరు క్షేమమేనా? ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా?

శనివారం సర్ మీ కొలతలు చూసి కుర్చీలోంచి లేచారు. "నిచ్చెన వద్దు. నీకు తెలిసిన మనిషి ఎక్కేది చేద్దాం. మీ తాతయ్య పందిరి ఎందుకు నిలబడుతుందో లెక్కవేసి తీసుకురా" అన్నారు. నాలుగు రోజులు కూర్చున్నాను. మనిషి తెలిసినవాడైతే లెక్క మీద ఎంత ప్రేమ పుడుతుందో తాతయ్యా! కానీ జవాబు వచ్చాక ప్రాణం ఎగిరిపోయింది. నా లెక్క ప్రకారం మీ పందిరి మంగళవారమే కూలిపోయింది.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ కూలింది.

నా పుస్తకం నాన్న చూశాడు. చెప్పులు వేసుకోబోయి ఒకటి నాది, ఒకటి అమ్మది వేసుకున్నాడు. రేపు సెలవు పెట్టి పొద్దున్న పడవకే వస్తున్నాడు. అప్పటిదాకా దయచేసి నేల మీదే ఉండండి.

ఇట్లు,
మీ క్షేమం కోరే
లోక్-యిమ్

తా.క. సర్ రోజుకి మూడు కప్పులు. కప్పుకి చిన్న చిటికెడు. పొదుపరి. మీరు టీ గురించి ఎందుకడుగుతున్నారు? పందిరి గురించి ఆలోచించండి!


తాయ్ ఓ,
నవంబరు 10

లోక్-యిమ్‌కి,

మంగళవారం మధ్యాహ్నం నేను ఆ పందిరి మీదే కూర్చుని అన్నం తిన్నాను. కూలినట్టు నాకెవరూ చెప్పలేదు.

మీ నాన్న వచ్చాడు. వచ్చినవాడు నెమ్మదిగా పైకొచ్చి చెవిలో చెప్పొచ్చు కదా. రేవులో నిలబడి ఊరంతా వినేలా, "నాన్నా, దిగు! లెక్క వచ్చింది!" అని అరిచాడు. సరిగ్గా అప్పుడే నాటకాలవాళ్ళు వేదిక చూసుకోవడానికి వచ్చారు. సేనాపతి వేషం కట్టే ఆవిడ ఒక కాలు మెట్టు మీద పెట్టింది కాస్తా వెనక్కి తీసేసుకుంది. "ఎవరి లెక్క?" అంది. మీ నాన్న ఛాతీ విరుచుకుని, "మా అమ్మాయిది. ఫిజిక్స్ చదువుతోంది" అన్నాడు. నీకొచ్చిన ముప్ఫై ఒకటి సంగతి మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు ఆవిడ ఎక్కనంటోంది. జాతర కమిటీ రాతపూర్వకంగా హామీ కావాలంటోంది. నలభై ఆరేళ్ళుగా కడుతున్నాను, నా పందిరి ఇచ్చిన హామీ ఎప్పుడూ ఒకటే, ఎక్కి చూడమని. ఏం చెయ్యను? కమిటీ ముందు డెబ్భై మూడేళ్ళ మనిషిని వేదిక మధ్యలో నిలబడి కప్పలా ఎగిరాను. పన్నెండుసార్లు. వాళ్ళకి హామీ రాలేదు. నాకు మోకాలి నొప్పి వచ్చింది.

కోపంగా ఉంది. అయినా నాలుగు రోజులు నా పందిరి కింద కూర్చున్నావన్నమాట, కాగితం మీదైనా. ఆ మాటకి కోపం కాస్త తగ్గింది.

నీ లెక్క నువ్వే సరిచూసుకో.

తాత

తా.క. చిన్న చిటికెడు వేస్తే టీ అవదు, గోరువెచ్చని నీళ్ళవుతాయి. గొంతుకి మంచిది కాదు. ఆకు రెట్టింపు వెయ్యమని మీ సర్‌కి చెప్పు.


తుయెన్ మున్,
నవంబరు 17

తాతయ్యకి,

తల ఎత్తుకోలేక తల దించి రాస్తున్నాను.

తప్పు దొరికింది. ఆరువందల మంది ప్రేక్షకుల్నీ నేను ఒకే వెదురు గెడ మీద కూర్చోబెట్టాను. పాపం, అలా అయితే ఏ గెడైనా కూలుతుంది. సర్ చూసి తిట్టలేదు. "మిగతా గెడలు ఏం చేస్తున్నాయమ్మా, నాటకం చూస్తున్నాయా?" అని మాత్రం అడిగారు.

వాళ్ళని ఒక్కొక్కరినీ దించి అరవై కాళ్ళకీ పంచాను. అడ్డ కర్రలు బరువుని పక్కకి అందిస్తాయని అప్పుడు అర్థమైంది. ఒకటి నుంచి ఒకటికి, పెళ్ళిలో గిన్నెలు అందించుకున్నట్టు. ఎవరి మీదా ఎక్కువ పడకుండా. మీరు నలభై ఆరేళ్ళుగా చేస్తున్నది ఇదేనా తాతయ్యా? ఎప్పుడూ చెప్పలేదేం? చివరి గీత గీసేసరికి నాకు ఏడుపొచ్చింది. సంతోషానికి ఇంకా మంచి మాట ఉంటుంది, వెతుకుతున్నాను.

సర్ ఎర్ర సిరాతో "మంచి మనసు. పూర్తి మార్కులు." అని రాశారు. కమిటీకి చూపించడానికి నీటుగా ఇంకో ప్రతి రాసి, సర్ సంతకంతో పంపుతున్నాను.

కానీ తాతయ్యా, నిజం చెప్పాలి. ఆ ఒక్క లెక్కకి నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో సాహిత్యం వ్యాసాలు రెండు ఇవ్వలేదు. మా సాహిత్యం టీచరు పిలిచి, "నీ సీటు నువ్వే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తున్నావా?" అన్నారు. ఫిజిక్స్ అంటే ఇప్పుడు నాకు భయం లేదు. ఇష్టం కూడా ఉంది. అయినా నా మనసు మాటల దగ్గరే ఉంది. కాగితం పంపండి. ఇంక రెండు వారాలు కూడా లేవు.

ఇట్లు,
మీ పందిరిని కూల్చి, మళ్ళీ నిలబెట్టిన
లోక్-యిమ్

తా.క. ఆకు రెట్టింపు వెయ్యమన్నారని చెప్పాను. సర్ మీ ఆజ్ఞ శిరసావహిస్తున్నారు. మధ్యాహ్నం క్లాసులో ఆయన చాలా వేగంగా మాట్లాడుతున్నారు.


తాయ్ ఓ,
నవంబరు 22

లోక్-యిమ్‌కి,

నీ లెక్క అందింది. కమిటీ అధ్యక్షుడు తలకిందులుగా పట్టుకుని చదివి బాగుందన్నాడు. సేనాపతి ఆవిడ ఎక్కింది. ఎక్కి, వీపు మీద వేషం జెండాలన్నీ కట్టుకుని నాకంటే ఎత్తు ఎగిరింది. కాగితాన్ని మధ్య గెడకి కట్టాను. జనం వచ్చి చూస్తున్నారు. అర్థం కాలేదని ఒక్కళ్ళూ ఒప్పుకోవడం లేదు.

నీ కాగితం గడువు దాటదు. తాత మాట.

ఉంటాను,
తాత

తా.క. మీ సర్ ఒక్కడే టీ తాగడం మర్యాదగా లేదు. స్టాఫ్ రూంలో అందరికీ పొయ్యమను. ఈ ఉత్తరం అందిన రోజు నుంచే. చరిత్ర టీచరమ్మకి రెండు కప్పులు.


తుయెన్ మున్,
నవంబరు 29

తాతయ్యకి,

లోక్-యిమ్ నమస్కారాలు.

ఈ పొద్దున్న ముయ్ సర్ నన్ను స్టాఫ్ రూంకి పిలిచారు. బల్ల మీద టీ డబ్బా బోర్లించి ఉంది. ఆకు అయిపోయిందట. అడుగున మైనపు కాగితంలో చుట్టి, నా ఫారం. మీ ఎర్ర ముద్ర. తేదీ అక్టోబరు 11.

నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. సర్ ఫారం నా వైపు జరిపారు. తర్వాత, "అయితే ఆ రోజు టీ దీనికన్నమాట" అన్నారు. నేను అంతా చెప్పేశాను. రొయ్యల ముద్దతో సహా. ఆయన మొదట నవ్వలేదు. రొయ్యల ముద్ద దగ్గర నవ్వారు.

"టీ తాగింది నేను. నువ్వు కట్టుబడాల్సిన పని లేదు. నీకేం కావాలో చెప్పు" అన్నారు. వదిలేస్తానని చెప్పాను. "సర్, మీరు నేర్పినందుకు నిజంగా కృతజ్ఞురాలిని, ఈసారి తాతయ్య చెప్పమన్నందుకు కాదు" అన్నాను. అని, ఇంకా ధైర్యం చేసి, పరీక్ష రాయకపోయినా శనివారాలు రావచ్చా అని అడిగాను. రెండు వారాలకోసారి, ఒక్క గంట.

"పరీక్ష లేని మనిషికి పాఠం చెప్పాలని ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. ఇప్పటిదాకా ఎవరూ దొరకలేదు" అన్నారు.

సాయంత్రం నాన్న సంతకం చేశాడు. రేపు ఉదయం ఆఫీసులో ఇస్తాను. కాస్త ఏడ్చాను. బాధగా కాదు. బాధ లేకుండానూ కాదు.

తాతయ్యా, ఒక్కటి అడుగుతాను. ఫారం డబ్బాలో ఉందని మీకు ఎప్పటినుంచి తెలుసు?

ఇట్లు,
మీ మాజీ ఫిజిక్స్ విద్యార్థిని
లోక్-యిమ్

తా.క. ఫారం చూసి చరిత్ర టీచరమ్మ ముద్ర మీద వేలు పెట్టి చదివింది. నన్ను చూసింది. మళ్ళీ చదివింది. ఏముందో చెప్పలేదు, బుగ్గ మాత్రం గిల్లింది. అందులో మీ పేరే కదా ఉన్నది?


తాయ్ ఓ,
డిసెంబరు 6

లోక్-యిమ్‌కి,

తాత మనసారా దీవించి రాసేది. జాతర మొదలైంది. పందిరి నిండింది. ఆరువందల మందీ నీ అరవై కాళ్ళ మీదే కూర్చున్నారు.

తెలుసు. నేను పెట్టింది కాదూ? కమ్ అత్తయ్య మూటలో తడవనిది ఆ డబ్బా ఒక్కటే, అందుకని ఆకు కింద పెట్టాను. డబ్బా ఇచ్చే ముందు తీసుకోమని తా.క.లో రాశాను. అది రొయ్యల పాలైందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. నిజంగా చెప్దామనే కలం తీశాను. కానీ మీ సర్ కళ్ళు తుడుచుకున్న చోటు మళ్ళీ చదివి, కలం కింద పెట్టేశాను.

అక్టోబరులో నువ్వు భయపడి వదులుతున్నావు. కొన్నాళ్ళు ఉండి, తెలుసుకుని వదిలితే బాగుండుననిపించింది. అలాగని గడువు దాటితే నీ సీటు పోతుంది, అది నాకు అక్కర్లేదు. అందుకే లెక్క వేశాను. డబ్బాలో మూడువందల గ్రాములు. మీ సర్ చిటికెళ్ళ లెక్కన జనవరి దాకా వస్తుంది. ఆకు రెట్టింపు చేయించాను. డిసెంబరు పది. ఇంకా చాలదు. స్టాఫ్ రూం అంతటినీ దింపాను. నవంబరు 29న అయిపోయింది. నా లెక్కలో 28 వచ్చింది. ఎవరో ఒక రోజు టీ మానేశారు.

ఇంకో సంగతి. వదిలేటప్పుడు గురువుకి టీ పొయ్యాలనే పద్ధతి మా పనిలో లేదు. ఏ పనిలోనూ లేదు. నేనే కల్పించాను. పందొమ్మిదేళ్ళప్పుడు నా గురువుకి చెప్పకుండా పడవెక్కి వచ్చేశాను. నా చేతిలో ఉన్న ప్రతి కట్టూ ఆయనదే. ఎప్పుడైనా బజారులో ఎదురైతే చేపల బుట్టల వెనక దాక్కునేవాణ్ణి. ఆయన పోయేదాకా దాక్కున్నాను. నువ్వు దాక్కోకూడదని డబ్బా పంపాను.

మీ సర్‌ని జాతర చివరి రోజుకి తీసుకురా. ముందు వరసలో రెండు కుర్చీలు ఉంచాను. ఆయనకి నేను టీ పోస్తాను. మా గురువుకి పొయ్యాల్సింది ఆయన తాగుతాడు.

ఉంటాను,
తాత
ఫాన్ సూయి-హెయ్

తా.క. నాకు ముద్ర ఒకటే ఉంది. పందిరి కట్టడం అయ్యాక మొదటి గెడ మీద వేసేది. కాగితాలకి వేరే చేయించుకోవాలని ఎప్పుడూ అనుకుంటాను, కుదరదు. నీ ఫారం మీదా అదే వేశాను. అందులో ఉన్నది, 'ఫాన్ కట్టినది. నిర్భయంగా ఎక్కండి.'